పెద్దమ్మ పాటకు గీతలు గీయడం: ఒక అప్పగింతల పాట రికార్డింగు డైరీ

మే, మూడో వారం. పని, పనిముట్టు

మా పెద్దమ్మ పాడే ఒక అప్పగింతల పాటను శుభ్రంగా రికార్డు చేసి, దానికి తంబూర, వీణ, మృదంగం చేర్చి, శ్రావణ మాసంలో నెల్లూరులో జరగబోయే ఆమె మనవరాలి పెళ్లిలో వినిపించదగిన ఫైలుగా తయారుచేయడం ఈ ప్రాజెక్టు ఉద్దేశం. పెద్దమ్మకు డెబ్భై దాటాయి. పెళ్లి హడావిడిలో మైకు పట్టుకుని నిలబడి పాడే ఓపిక తనకు లేదని ఆమే చెప్పింది. వేసవి అంతా ఆమె చెన్నైలో, వడపళనిలోని మా ఇంట్లోనే ఉంటుంది కనుక ఈ పనికి ఇంతకంటే అనువైన సమయం మళ్లీ దొరకదు. నేను కర్ణాటక సంగీతం వర్ణాల దాకా నేర్చుకున్నాను గాని, కంప్యూటరులో సంగీతం తయారుచేయడం మాత్రం నాకు కొత్త.

రికార్డింగు, కత్తిరింపు, మిశ్రమం అన్నీ కంప్యూటరులోనే చేసే డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్ అనే సాఫ్ట్‌వేర్ రకంలో ఏది ఎంచుకోవాలన్న దానిపై పెద్దగా మల్లగుల్లాలు పడలేదు. ఎఫ్‌ఎల్ స్టూడియో, ఏబుల్‌టన్ లైవ్ వంటివి చిన్న చిన్న సంగీత ఖండాలను పేర్చి పాటను కట్టే పద్ధతికి బాగా అనువుగా పెరిగాయి. నా పని అందుకు తలకిందులుగా ఉన్నది: పాట ముందే పూర్తిగా ఉంది, దాని చుట్టూ మిగిలినవి అమర్చాలి. అందువల్ల రీపర్ తీసుకున్నాను. విన్‌ఆంప్ అనే పాటలు వినే సాఫ్ట్‌వేర్ సృష్టికర్త జస్టిన్ ఫ్రాంకెల్ స్థాపించిన కాకోస్ సంస్థ దీనిని తయారుచేసింది. 60 రోజుల పాటు ఏ కోతా లేకుండా వాడి చూడవచ్చు, తరువాత సొంత వాడకానికి లైసెన్సు 60 డాలర్లు. ఇన్‌స్టాల్ చేసే ఫైలు చాలా చిన్నది, నా పాత ల్యాప్‌టాప్ మీద కూడా నీరసించకుండా నడుస్తుంది. దాని రూపురేఖలు మాత్రం ఏదో బ్యాంకు కౌంటరు వెనుక కనిపించే తెరలాగా ఉంటాయన్నది నా అభిప్రాయం.

రీపర్‌లో కొత్త ప్రాజెక్టు తెరవగానే నిమిషానికి 120 దెబ్బల వేగం, నాలుగు దెబ్బలకొక నిలువు గీత, అంతటా సమాన దూరాలతో గ్రిడ్డు సిద్ధంగా ఉంటాయి. స్వరాలను అంకెలుగా రాసే మిడి పద్ధతి కిటికీ తెరిస్తే పక్కన పియానో మెట్లు, ‘ఏ’ (A) అనే మధ్యస్థాయి స్వరానికి 440 హెర్ట్జ్. పెద్దమ్మ పాటలో ఈ రెండూ లేవు. ఆమె వేగం పంక్తిపంక్తికీ సాగుతుంది, ముడుచుకుంటుంది. ఆమె శ్రుతి ఏ మెట్టు మీదా కూర్చోదు. గొంతును లాగి గీతల మీద కూర్చోబెట్టే ఉపకరణాలు ఈ సాఫ్ట్‌వేర్‌లోనే కావలసినన్ని ఉన్నాయి. వాటిని ముట్టుకోకుండా, గీతలనే గొంతు దగ్గరకు జరపాలన్నది నేను మొదటే చేసుకున్న నిర్ణయం. ఇక ఈ డైరీలో ఉండేది చాలావరకు ఆ జరపడం గురించే.

మే, చివరి వారం. గది

రోహిణి కార్తె ఎండల్లో ఫ్యాను ఆపి పాడించడం పెద్ద శిక్ష, కాని కండెన్సర్ మైకు ముందు ఫ్యాను తిప్పడమంటే రికార్డింగు మానుకోవడమే. వెనుక గదికి కిటికీ ఒకటే, అది సందులోకి తెరుచుకుంటుంది. ఆర్కాట్ రోడ్డు రొద అక్కడికి మందంగా మాత్రమే చేరుతుంది. తెల్లవారుజామున వీధి నిశ్శబ్దంగా ఉంటుందనుకుంటాము గాని, ఈ నెలల్లో ఆ సమయం పూర్తిగా కోకిలలది, వాటి గొంతు మైకులో పడినంత స్పష్టంగా మరే చప్పుడూ పడదు. చివరికి రాత్రి పది దాటాక, ముందుగా ఏసీతో గదిని బాగా చల్లబరచి, దాన్ని ఆపేసి, ఆ చల్లదనం నిలిచినంత సేపు పాడించే పద్ధతి కుదిరింది.

గోడల ప్రతిధ్వనికి బొంతలు, రజాయిలు వేలాడదీశాను. వీటి శక్తి ఎంతవరకో తెలుసుకుని వాడాలి. వెయ్యి హెర్ట్జ్ ధ్వనికి తరంగ దైర్ఘ్యం ముప్పై నాలుగు సెంటీమీటర్ల దాకా ఉంటుంది, అయిదు వేల హెర్ట్జ్‌కు ఏడు సెంటీమీటర్లు. అలాంటి వాటిని మందపాటి బొంత చాలావరకు మింగగలదు. వంద హెర్ట్జ్ తరంగం మూడు మీటర్ల పైచిలుకు పొడవుంటుంది కనుక దానికి బొంత ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. గోడకు తగిలించిన బొంత కంటే గోడకూ బొంతకూ నడుమ జానెడు ఖాళీ వదిలి తాడు మీద వేసిన బొంత మెరుగ్గా పనిచేసింది. పెద్దమ్మ కుర్చీ గది నడిమధ్యలో కాకుండా కాస్త పక్కకు, వీపు వెనుక పరుపు నిలబెట్టి వేశాము.

మైకుకు కావలసిన 48 వోల్టుల విద్యుత్తు, మైకును ల్యాప్‌టాప్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే పెట్టె నుంచే వెళుతుంది. కేబుళ్లు, స్టాండు రిచీ స్ట్రీట్‌లో కొన్నాను. ల్యాప్‌టాప్ చార్జరు గుచ్చి ఉన్నప్పుడు 50 హెర్ట్జ్ కరెంటు గుర్రు, దాని గుణిజాలైన 100, 150 దగ్గర చిన్న చిన్న శిఖరాలు కనిపించాయి. చార్జరు తీసి బ్యాటరీ మీద నడిపితే అవి పోయాయి. రికార్డింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు. పదహారు బిట్లకు సుమారు 96 డెసిబెళ్ల పరిధి ఉంటే ఇరవై నాలుగు బిట్లకు 144 ఉంటుంది. కాబట్టి మీటరు ఎర్రబడేదాకా మట్టాన్ని పెంచవలసిన అవసరం లేదు, గొంతు ఎత్తిన చోట కూడా మైనస్ 10 దాటకుండా పెట్టుకున్నాను.

మైకు నుంచి నోటికి జానా బెత్తెడు దూరం. అంతకంటే దగ్గరగా వస్తే మంద్ర స్వరాలు ఉబ్బుతాయి, ‘పుట్టినింటి’ అన్న మాటలోని ‘పు’ మైకును ఊదేస్తుంది. అసలు సమస్య గాజులది. పాడుతూ చేయి కదపకుండా ఉండడం పెద్దమ్మకు చేతకాదు, గాజులు తీయమని అడగడం నాకు చేతకాదు. రెండు చేతుల గాజులనూ మెత్తటి చేతి రుమాలుతో చుట్టి పిన్నీసు పెట్టుకుంది, చప్పుడు ఆగిపోయింది.

జూన్, మొదటి వారం. గొంతు

స్టూడియోల అలవాటు ప్రకారం చెవిలో క్లిక్కు, అంటే సమాన వేగంతో కొట్టే టకటక, వినిపిస్తూ పాడించాలి. అలా చేస్తే తరువాతి పని అంతా సులువవుతుంది. రెండు పంక్తులు పాడాక పెద్దమ్మ చెవిలోని హెడ్‌ఫోను పక్కన పెట్టేసింది.

“ఏమిరా ఇది, నా నెత్తిన ఎవరో మొట్టికాయలు వేస్తున్నట్టుంది. ఆ టకటక ఆపితే పాడతా, లేకపోతే పోయి పడుకుంటా.”

“ఆపేశాను పెద్దమ్మా. నీ ఇష్టం వచ్చినట్టే పాడు.”

తంబూర వినిపిస్తూ కూడా ఒకసారి పాడించి చూశాను. శ్రుతి నిలిచింది, కాని ఆమె గొంతు పరీక్ష రాస్తున్న పిల్లలా జాగ్రత్తపడింది, చరణాల చివర దీర్ఘాలు కుదించుకుపోయాయి. ఏ ఆసరా లేకుండా పాడినదే అన్నివిధాలా మేలైనది కనుక దానినే ఉంచుకున్నాను. దాని పర్యవసానాలన్నీ నేను భరించాలి.

పాత కోడంబాకం సినిమా పాటల రికార్డింగుల సంగతి ఇక్కడ తలచుకోవాలి. గాయకులు, వాద్యబృందం ఒకే హాలులో కలిసి, సంగీత దర్శకుడి చేయి చూస్తూ పాడి వాయించిన కాలంలో వేగం మనిషి చేతిలో ఉండేది. అలాంటి పాటను ఏదైనా ఈ సాఫ్ట్‌వేర్‌లో వేసి చూస్తే అయిదారు ఆవర్తాలు (తాళం చుట్లు) తిరిగేసరికి గ్రిడ్డు గీతలు దాన్ని తప్పిపోతాయి. వినేవాళ్లకు ఆ తేడా ఎన్నడూ అడ్డు రాలేదు.

జూన్, రెండో వారం. శ్రుతి

పెద్దమ్మ ఆధార షడ్జమం, అంటే ఆమె ‘స’, ఎంతో కొలవడానికి ప్రాట్ వాడాను. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ బోర్స్మా, డేవిడ్ వీనింక్ భాషాధ్వనుల పరిశోధన కోసం తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. పల్లవి చివర ఆమె నిలిపిన షడ్జమం సుమారు 190 హెర్ట్జ్ చూపించింది. హార్మోనియం లెక్కలో నాలుగున్నర శ్రుతి 185, అయిదు శ్రుతి 196. అంటే ఆమె ఆ రెండింటికీ ఇంచుమించు నడుమ, నాలుగున్నరకు 46 సెంట్లు పైన పాడింది. ఒక మెట్టుకూ పక్క మెట్టుకూ మధ్య దూరాన్ని నూరు సెంట్లుగా లెక్కిస్తారు.

ఈ దశలో సాఫ్ట్‌వేర్ చూపించే దగ్గరి దారి గొంతును 46 సెంట్లు దించడం. ఆ దారి పట్టకుండా మా ఇంటి తంబూరను 190కి శ్రుతి చేశాను. మొదటి తీగ మంద్ర పంచమం 142.5, నడిమి రెండు తీగలు (సారణులు) 190, చివరి తీగ మంద్ర షడ్జమం 95. తీగల కింద పెట్టే జీవాళి దారాన్ని అటూఇటూ జరిపి నాదం విచ్చుకునేదాకా వెదకడానికి ఒక సాయంత్రం పట్టింది. సాఫ్ట్‌వేర్ వాద్యాల విషయం ఇంకా తేలిక: చాలా వాటిలో ‘ఏ’ (A) స్వరం 440 అన్న ఆధారాన్ని మార్చుకునే మీట ఉంటుంది, దానిని 452కు తిప్పితే నాలుగున్నర శ్రుతి మెట్టు వచ్చి పెద్దమ్మ షడ్జమం పక్కన చేరుతుంది.

రెండో చిక్కు మూడో చరణంలో ఉంది. ఆసరా లేకుండా పాడేటప్పుడు శ్రుతి మెల్లగా కదలడం సహజం, పెద్దమ్మ విషయంలో అది పైకి జరిగింది. మూడో చరణం అంతా ఇరవై సెంట్లు ఎత్తున ఉంది. తంబూర లేనప్పుడు అది ఎవరి చెవికీ తెలియదు, తంబూర చేర్చగానే పంటి కింద రాయిలా తగులుతుంది. రీపర్‌తో పాటే వచ్చే రీట్యూన్‌ను ఒకసారి ఈ చరణం మీద పెట్టి విన్నాను. 1997లో ఆటోట్యూన్ వచ్చినప్పటి నుంచి ఈ జాతి ఉపకరణాలన్నీ చేసేది ఒకటే: ప్రతి క్షణం స్వరాన్ని కొలిచి, దగ్గరలో ఉన్న మెట్టుకు లాగడం. మా పాటకు ఆనందభైరవి ఛాయ ఉంది. అందులోని సాధారణ గాంధారం ఒక బిందువు మీద నిలిచేది కాదు. ప్రాట్ గీసిన రేఖలో అది రిషభానికి కాస్త పైనుంచి మధ్యమం అంచుదాకా, 214కూ 253కూ నడుమ, సెకనుకు నాలుగైదు సార్లు ఊగుతుంది. పుస్తకం ప్రకారం గాంధారం ఉండవలసిన 228 దగ్గర ఆ రేఖ ఆగిన జాడే లేదు. అటువంటి స్వరాన్ని మెట్టుకు లాగితే గమకం (స్వరంలోని ఆ ఊపు) మూడు ముక్కలై గడియారం ముల్లులా టక్కుటక్కున దూకుతుంది.

కాబట్టి స్వరాల జోలికి పోకుండా మూడో చరణాన్ని మొత్తంగా కత్తిరించి, ఆ ఖండం లక్షణాల కిటికీలో పిచ్ గడిలో మైనస్ 0.2 అని వేశాను. ఇరవై సెంట్లంటే అంతే. చరణం లోపలి ఊపు, జారుడు, ఎగువ దిగువలన్నీ యథాతథంగా ఉండి, చరణమంతా ఒక్క ముద్దగా దిగింది. కత్తెర పడిన చోటు రెండు పంక్తుల నడుమ ఊపిరి తీసుకునే క్షణం కనుక అతుకు వినపడదు.

జూన్ చివర, జూలై మొదట్లో. తాళం

ఈ ప్రాజెక్టులో ఎక్కువ కాలం తిన్నది, ఎక్కువ నేర్పినది ఈ భాగమే.

పాట నడక రూపకం, మూడు క్రియల ఆవర్తం, సాఫ్ట్‌వేర్ భాషలో 3/4. పల్లవి దగ్గర వేగం నిమిషానికి 72 దెబ్బలుంటే చివరి చరణానికి 80 అవుతుంది. అంటే ఆవర్తం రెండున్నర సెకన్ల నుంచి రెండుంపావుకు తగ్గుతుంది. అది కూడా నున్నగా పెరగదు. పంక్తి చివర పెద్దమ్మ దీర్ఘం తీసి ఊపిరి పీల్చుకునే ఆవర్తం 2.9 సెకన్ల దాకా సాగుతుంది, ఆ ఒక్క ఆవర్తానికి వేగం 62కు పడిపోతుంది, తరువాత వెంటనే పుంజుకుంటుంది. ఈ సాగుడులోనే అప్పగింతల పాటకు ప్రాణముంది. మృదంగం, వీణ ఈ సాగుడుతో పాటే సాగాలి.

రీపర్‌లో వేగాన్ని ఎక్కడికక్కడ మార్చే గుర్తులు పెట్టుకోవచ్చు. ఆవర్తం మొదట్లో ఒక్కొక్క గుర్తు చొప్పున పెడుతూ పోతే గ్రిడ్డు పాటకు కుట్టిన చొక్కాలా తయారవుతుంది. అయితే సమం, అంటే ఆవర్తం మొదటి దెబ్బ, ఎక్కడ పడిందో గొంతు తరంగాన్ని చూసి చెప్పడం సాధ్యం కాదు. ఈ పాటకు ఎత్తుగడ సమం మీద లేదు, అర దెబ్బ తరువాత ఉంది. తెరమీద ఎత్తుగా కనిపించే మొదటి అక్షరం దగ్గర గుర్తు పెడితే తాళమంతా అర దెబ్బ పక్కకు పోతుంది. పైగా కొన్ని పంక్తులలో ఆమె అనుకున్న చోటుకు ముందే అందుకుంటుంది, కొన్నింట్లో ఆలస్యంగా వాలుతుంది. సమం ఎక్కడో తెలిసినది ఆమె చేతికి మాత్రమే.

అందుకని ఆమె పాటను ఆమెకే హెడ్‌ఫోన్లలో వినిపించి, తొడమీద తాళం వేయమని, దానిని రెండో ట్రాకులో రికార్డు చేశాను. గాజులకు మళ్లీ రుమాలు. తాను పాడినదే కనుక ఎక్కడ సాగుతుందో, ఎక్కడ అందుకుంటుందో ఆమె చేతికి ముందే తెలుసు. ఊపిరి తీసుకునే చోట చేయి కూడా గాలిలో ఆ మేరకు ఆగింది.

దీనిని వాడుకునే ముందు ఒక కొలత తీయాలి. హెడ్‌ఫోనులో పాట వినిపించి, చేతి చప్పుడు మైకు ద్వారా తిరిగి వచ్చేసరికి కొంత కాలం గడుస్తుంది. ధ్వనిని సెకనుకు 48 వేల నమూనాలుగా కొలిచే 48 కిలోహెర్ట్జ్ దగ్గర, 128 నమూనాలను పోగుచేసి పంపే బఫరు అంటే 2.7 మిల్లీసెకన్లు, 512 అంటే 10.7. రాకపోకలు రెండూ కలిస్తే ఇంకా పెరుగుతుంది. ఇంటర్‌ఫేస్‌ను నడిపే డ్రైవరు సాఫ్ట్‌వేర్ తన ఆలస్యం ఎంతో చెబితే రీపర్ ఆ మేరకు రికార్డింగును వెనక్కి జరుపుతుంది, కాని డ్రైవరు చెప్పే లెక్క ఎప్పుడూ నిజమని నమ్మనక్కరలేదు. ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌ను కేబుల్‌తో దాని ఇన్‌పుట్‌కే కలిపి, ఒక క్లిక్కును వాయించి రికార్డు చేసి, అసలుకూ రికార్డుకూ నడుమ దూరాన్ని బాగా పెద్దది చేసి చూస్తే 240 నమూనాల తేడా వచ్చింది. సరిగ్గా అయిదు మిల్లీసెకన్లు. ఆ సంఖ్యను సెట్టింగుల్లో సవరణగా వేశాక రెండూ ఒకదానిపై ఒకటి కూర్చున్నాయి.

తొడమీద దెబ్బ తరంగం చూడడానికి చక్కగా ఉంటుంది. ముందు సన్నని సూది లాంటి శిఖరం, అది అరచేయి తాకిన క్షణం. దాని వెనుక లావుపాటి, మెల్లగా సన్నబడే ఉబ్బు, అది చీర మడతల మెత్తదనం. గుర్తు పెట్టవలసినది సూది మొదలు దగ్గర. ప్రతి దెబ్బకూ గుర్తు పెట్టే అవసరం లేదని కొన్ని పంక్తులు చేశాక తేలింది. రెండో మూడో దెబ్బల్లో ఆమె చేయి ఇరవై ముప్పై మిల్లీసెకన్లు అటూఇటూ పోతుంది, ఆ చలనాన్ని కూడా గ్రిడ్డులో బంధిస్తే వీణ తడబడుతున్నట్టు వినిపిస్తుంది. సమం దెబ్బకు మాత్రమే గుర్తు పెట్టి, లోపలి రెండూ సమానంగా పంచుకునేలా వదిలేస్తే నడక హాయిగా ఉంది. గుర్తుల నడుమ వేగం క్రమంగా మారేలా కూడా పెట్టుకోవచ్చు గాని, ఆవర్తానికొక స్థిర వేగం పెట్టి మారడమే నాకు అదుపులో ఉన్నట్టనిపించింది.

ఈ పని మొదలుపెట్టే ముందు తప్పక చూసుకోవలసినది ఒకటి ఉన్నది, కొత్తగా ప్రయత్నించేవారికి ఇది పనికివస్తుంది. రీపర్‌లో ప్రతి ఖండానికీ ఆధారం కాలమా, దెబ్బలా అన్న ఎంపిక ఉంటుంది. దెబ్బలు అని ఉంటే, వేగం గుర్తు పెట్టగానే గొంతు ఖండం కూడా ఆ వేగానికి తగినట్టు జరిగిపోతుంది. గొంతు ట్రాకుకు, తాళం ట్రాకుకు కాలం అని, వీణ మిడి ట్రాకుకు దెబ్బలు అని పెట్టాలి. అప్పుడు గొంతు కదలకుండా ఉంటుంది, గీతలు దాని దగ్గరకు వస్తాయి, వీణ ఆ గీతల వెంట నడుస్తుంది.

జూలై, రెండు, మూడు వారాలు. వీణ

దగ్గరలో వీణ వాయించేవారు ఎవరూ దొరకలేదు. మిడి నేర్చుకోవాలన్న ఆశ కూడా నాకుంది. 1983లో వచ్చిన ఈ పద్ధతిలో స్వరాలకు 0 నుంచి 127 వరకు అంకెలు, మధ్యస్థాయి సి స్వరానికి 60. ఈ అంకెలకు నడుమ ఏమున్నా పిచ్ బెండ్ అనే వేరే సందేశంతో చెప్పాలి. దానికి 16,384 మెట్లు ఉంటాయి, నడిమిది 8,192. మామూలుగా దాని పరిధి పైకి రెండు అర స్వరాలు, కిందికి రెండు. వీణలో తీగను పక్కకు లాగి ఒక మెట్టు మీదే రెండు మూడు స్వరాలు పలికించడానికి, జారులకు, అది చాలదు. పరిధిని పన్నెండుకు పెంచాను. అప్పుడు కూడా ఒక్క మెట్టు విలువ సెంటులో ఆరో వంతు కంటే తక్కువే కనుక చెవికి మెట్లు తెలియవు. మిడి ట్రాకులోనూ వాద్యం లోపలా పరిధి ఒకటే ఉండాలి, లేకపోతే గాంధారం అనుకున్నది ఎక్కడో ధైవతం దగ్గర తేలుతుంది.

ఇంకొక మెలిక. పిచ్ బెండ్ ఒక్క స్వరానికి వర్తించదు, ఆ చానల్‌లో మోగుతున్న అన్నిటికీ కలిపి వర్తిస్తుంది. వీణకు నాలుగు వాయింపు తీగలు, మూడు తాళం తీగలు. వాయింపు తీగ మీద గమకం వేస్తే తాళం తీగలు కూడా దానితో పాటు ఊగకూడదు కదా. తాళం తీగలను వేరే చానల్‌కు మార్చాను. 2018లో ఎంపీఈ అన్న అదనపు ప్రమాణం ఈ ఇబ్బంది కోసమే స్వరానికొక చానల్ ఇచ్చే ఏర్పాటు చేసింది, నా దగ్గరున్న వాద్యం దానిని గుర్తించదు.

గమకం వంపులను మౌసుతో గీశాను. పక్కన పెద్దమ్మ గొంతుకు ప్రాట్ గీసిన రేఖను పెట్టుకుని, దానిని అనుసరించాను. ఒక గమకాన్ని గీసి దానినే అన్నిచోట్లా అతికిస్తే ఎంత అసహ్యంగా ఉంటుందో వింటే గాని తెలియదు. రెండో చరణంలో గాంధారం దీర్ఘంగా ఉన్నచోట ఊపు మెల్లగా మొదలై చివరకు బిగుస్తుంది, పల్లవిలో పొట్టిగా ఉన్నచోట ఒకటిన్నర ఊపుతోనే మధ్యమం చేరుతుంది. వీణకు గొంతు చేసినదంతా చేయించకుండా, పంక్తి చివర ఆమె ఊపిరి తీసుకునే జాగాలో ఒక చిన్న జవాబు, చరణం ముందు నాలుగు ఆవర్తాల ఎత్తుగడ మాత్రమే ఇచ్చాను. మిగిలిన చోట్ల వీణ ఊరుకుంటుంది.

జూలై, చివరి వారం. మృదంగం

కింది అంతస్తులో మృదంగం నేర్చుకుంటున్న ఒక విద్యార్థి సంతోషంగా వచ్చాడు. మా శ్రుతి నాలుగున్నరకూ అయిదుకూ నడుమ ఉంది కనుక కుడి ముఖమైన వలంతల అంచుమీద రాయి, కొయ్య ముక్కలతో తట్టి 190కి ఎక్కించవలసి వచ్చింది. ఎడమ ముఖమైన తొప్పి మీద రవ్వ ముద్ద తడిపి పెట్టాక గుంకి అనే మంద్ర నాదం బాగా పలికింది. అతనికి క్లిక్కు బదులు పెద్దమ్మ గొంతు, ఆమె చేతి తాళం రెండూ వినిపించాను. రెండో ఆవర్తం నుంచే అతను ఆ సాగుడులను పట్టుకున్నాడు, గ్రిడ్డు వైపు చూడవలసిన పనే లేకపోయింది. తీర్మానాలు (ముగింపు జతులు) వేయాలని అతనికి చాలా కోరికగా ఉంది. సాదా నడక అయిన సర్వలఘువు చాలని, ఇది కచేరీ కాదని బతిమాలి ఒప్పించాను. చివరి చరణం ముగింపులో ఒకే ఒక చిన్న మోహరాకు అనుమతి ఇచ్చాను, అది నిజంగానే బాగుంది.

ఆగస్టు, మొదటి రెండు వారాలు. మిశ్రమం

మిక్సింగులో మొదట తేల్చుకోవలసినది, దీనిని ఎవరు దేనిలో వింటారన్నది. మండపంలో మైక్‌సెట్ పెట్టెలు, తరువాత బంధువుల ఫోన్లు. మండపంలో ఎడమ కుడి కలిపి ఒక్కటిగా వస్తుంది. ఫోను స్పీకర్లు రెండు మూడు వందల హెర్ట్జ్‌ల దిగువన దాదాపు మూగవి. అందువల్ల పని అంతా మోనోలో చేసి, చివర మాత్రమే రెండు వైపులకు కొద్దిగా పరిచాను.

మంద్రంలో ఒక తగవు ఉంది. తంబూర చివరి తీగ 95 హెర్ట్జ్, మృదంగం తొప్పి కూడా ఆ చుట్టుపక్కలే మోగుతుంది. రెండూ కలిసి ఉబ్బి గొంతును ముంచాయి. రీపర్‌లోని రీఈక్యూ అనే ఈక్వలైజరుతో తంబూరలో 120 దిగువ భాగాన్ని వాల్చేశాను. మూల స్వరం తగ్గినా దాని పై గుణిజాలు 190, 285, 380 అలాగే ఉంటాయి కనుక, లేని 95ను చెవి తనంతట తానే పూరించుకుంటుంది. ఫోనులో తంబూర వినిపించేది కూడా ఈ కారణం చేతనే. గొంతుకు 90 దిగువన కోత, 300 దగ్గర బొంతల గది మందాన్ని తగ్గించడానికి రెండు మూడు డెసిబెళ్ల పల్లం, అంతే.

గట్టి, మెత్తని చోట్ల నడుమ తేడాను తగ్గించే కంప్రెసర్ నిష్పత్తి మూడుకు ఒకటి, గట్టి చోట్ల నాలుగు డెసిబెళ్లకు మించి నొక్కకుండా. అంతకంటే నొక్కితే ఊపిరి చప్పుళ్లు ముందుకు వస్తాయి. కొద్ది ఊపిరి వినపడాలి, అది ఆమె వయసు. దాన్ని పూర్తిగా తుడిచేసిన ఒక ప్రతిని ఇంట్లో వినిపిస్తే అందరికీ ఎవరో పరాయి మనిషి పాడినట్టనిపించింది. రివర్బ్ (కృత్రిమ ప్రతిధ్వని) తక్కువగా, ముప్పై మిల్లీసెకన్ల ముందు విరామంతో పెట్టాను, ఆ విరామం వల్ల మాట స్పష్టంగా విడిగా నిలుస్తుంది. మండపానికి దాని గోడల ప్రతిధ్వని ఎలాగూ ఉంటుంది, మనం మరింత పోయనక్కరలేదు.

మొత్తం బిగ్గరతనాన్ని ఎల్‌యూఎఫ్‌ఎస్ లెక్కలో కొలుస్తారు. యూరప్ ప్రసార సంస్థల ప్రమాణం మైనస్ 23, స్పాటిఫై సర్దుబాటు చేసే మట్టం మైనస్ 14. నేను మైనస్ 16 దగ్గర ఆపి, శిఖరాలను మైనస్ 1 దాటనివ్వలేదు.

ఆగస్టు, మూడో వారం. ఫైళ్లు

పెద్దమ్మకు హాలులో చిన్న స్పీకరు మీద వినిపించాను. మొదటి చరణం అయ్యేసరికి తీర్పు వచ్చింది.

“వీణ వచ్చి నా ముందర కూర్చుందేందిరా? పాడేది నేనా, అదా?”

చరణాల్లో వీణ జవాబులను రెండు డెసిబెళ్లు దించి, చరణం ముందు ఎత్తుగడను మాత్రం అలాగే ఉంచాను. రెండోసారి విన్నప్పుడు ఆమె వీణ సంగతి ఎత్తలేదు, మృదంగం కుర్రవాడికి ఏమైనా ఇచ్చావా అని అడిగింది.

అసలు ప్రతి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల వేవ్ ఫైలు. మైక్‌సెట్ అతనికి పెన్‌డ్రైవ్‌లో 320 కిలోబిట్ల ఎంపీ3, ఎందుకంటే ఆ ఆంప్లిఫయర్లలో చాలావాటికి అదొక్కటే నమ్మకంగా మోగుతుంది. కొన్ని మొదటి క్షణాన్ని మింగేస్తాయి కనుక ముందు ఒక సెకను నిశ్శబ్దం చేర్చాను. పెన్‌డ్రైవ్‌లో ఈ ఒక్క పాట తప్ప వేరే ఏదీ ఉండకూడదు, లేకపోతే పాట ముగియగానే తరువాతి ఫైలు దానంతటదే మొదలవుతుంది. బంధువులకు వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపాలి, అప్పుడు ఫైలు ఉన్నది ఉన్నట్టుగా చేరుతుంది.

గొంతు, తాళం, తంబూర, వీణ, మృదంగం విడివిడిగా ఒకే నిడివి గల వేవ్ ఫైళ్లుగా తీసి, వేగం గుర్తులన్నిటినీ మిడి ఫైలుగా ఎగుమతి చేసి, ఏ సవరణా లేని మొదటి రికార్డింగుతో కలిపి రెండు హార్డు డిస్కులలో భద్రపరిచాను. ఊయల పాట ఒకటి, తలుపు దగ్గర పాట ఒకటి పెద్దమ్మ వద్ద ఇంకా ఉన్నాయి. తలుపు దగ్గర పాట ఇద్దరు ఎదురెదురుగా పాడేది కనుక దానికి మైకు మరొకటి కావాలి, రెండో గొంతుగా నెల్లూరు నుంచి పిన్నిని పిలిపించాలి.